నీడా నియమం లేని మోనా: ఆన్యెస్ వర్దా 1985 నాటి చిత్రంపై చర్చ

వెన్నెలతెర:
సభ్యులందరికీ నమస్కారం. ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వర్దా 1985లో తీసిన ‘సాఁ త్వా ని ల్వా’ చిత్రాన్ని ఈ నెలలో మూడుసార్లు చూశాను. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ రాని మా అమ్మకు ఈ చిత్రం చూపించాలన్న కోరికతో సొంతంగా తెలుగు ఉపశీర్షికలు రాయడం మొదలుపెట్టాను. మొదటి అడుగులోనే, అంటే చిత్రం పేరు దగ్గరే ఆగిపోయాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. దక్షిణ ఫ్రాన్సులో, చలికాలపు ఉదయం, ద్రాక్షతోట పక్కన ఉన్న కాలవలో గడ్డకట్టిన ఒక యువతి శవం ఒక కూలీ కంటబడుతుంది. పోలీసులు వచ్చి, చూసి, రాసుకుని, శవాన్ని సంచిలో మూటగట్టి తీసుకుపోతారు. ఆ తరువాత ఒక స్త్రీ గొంతు వినిపిస్తుంది. అది వర్దాదే. ఆ అమ్మాయిని చివరి వారాలలో చూసినవాళ్ళు ఆమెను ఇంకా మరచిపోలేదనీ, తనకు మాత్రం ఆమె గురించి తెలిసింది తక్కువేననీ, ఆమె సముద్రంలోంచి నడిచి వచ్చినట్టు తనకు అనిపిస్తుందనీ ఆ గొంతు చెబుతుంది. అక్కడి నుంచి చిత్రం వెనక్కి వెళ్ళి, మోనా అనే ఆ అమ్మాయి వీపున మూటతో, చిరిగిపోతున్న బూట్లతో ఊరి నుంచి ఊరికి ఎలా తిరిగిందో, ఆమెను చూసినవాళ్ళ సాక్ష్యాల మధ్య చూపిస్తుంది. చావు మొదటే తెలిసిపోయింది కనుక ఇక ఎదురుచూడవలసినది ఏమీ ఉండదనుకున్నాను. నిజానికి మొదటిసారి చూసినప్పుడు చివరి వరకూ ఒకదాని కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. ఈ అమ్మాయి ఇల్లు ఎందుకు వదిలింది? సవతి తల్లి బాధా, తాగుబోతు తండ్రా, మోసం చేసిన ప్రియుడా? ఏదీ రాలేదు. ఒకప్పుడు ఆఫీసులో సెక్రటరీగా పనిచేసిందనీ, పై అధికారుల పెత్తనం భరించలేక మానేసిందనీ మాత్రమే తెలుస్తుంది. ఆ కారణం దొరకనందుకు నాకు ఎందుకంత అసహనం కలిగిందో అర్థం కాలేదు. పేరు సంగతీ, ఈ సంగతీ మీరు కాస్త వివరిస్తారని అడుగుతున్నాను.

పదకోశం:
వెన్నెలతెర గారూ, పేరు సంగతి నేను చెప్పగలను. ఫ్రెంచిలో ‘సాఁ ఫ్వా ని ల్వా’ అని ఒక జాతీయం ఉంది. విశ్వాసమూ లేదు, చట్టమూ లేదు అని దాని అర్థం. దేనికీ కట్టుబడని దుర్మార్గుణ్ణి అలా అంటారు. వర్దా అందులోని ‘ఫ్వా’ను తీసి, దానికి ప్రాస కుదిరే ‘త్వా’ను, అంటే ఇంటికప్పును, పెట్టారు. వినేవాడి చెవికి ముందు తిట్టు తగిలి, వెంటనే అది తిట్టు కాదు, ఒక ఆధారం లేనితనం అని తెలుస్తుంది. తెలుగులో మనకు ‘నీతీ నియమం లేని’ అన్న పలుకుబడి ఉండనే ఉంది. ‘నీతి’ని తీసి ‘నీడ’ను పెట్టండి. ‘నీడా నియమం లేని’ అన్నప్పుడు మనకూ ముందు తిట్టే వినిపించి, ఆ తరువాత నిలువనీడ లేని మనిషి కనిపిస్తుంది. ఇంగ్లీషువారు పెట్టుకున్న ‘వేగబాండ్’ అన్న పేరులో ఈ రెండు పొరలూ పోయాయి.

ఇక్కడ ‘నియమం’ అన్న సగం ఉత్త ప్రాస కోసం వచ్చినది కాదు. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి ప్రకారం దేశదిమ్మరితనం నేరం. స్థిరమైన నివాసం, బతుకుతెరువు, అలవాటుగా చేసే వృత్తి లేనివాళ్ళే దేశదిమ్మరులని ఆ స్మృతి నిర్వచించింది. కొత్త స్మృతి అమలులోకి వచ్చిన 1994 దాకా అది పుస్తకాల్లో అలాగే ఉంది. అంటే ఈ చిత్రం విడుదలైన నాటికి ఫ్రాన్సులో తలమీద కప్పు లేకపోవడమూ, చట్టం లేకపోవడమూ కాగితం మీద ఒకే మాటగా ఉన్నాయి.

మరొక మాట కూడా గమనించండి. మగవాణ్ణి మనం దేశదిమ్మరి అంటే అందులో కొంత ముచ్చట, కొంత చులకన ఉంటాయి. ఆడపిల్లను తిరుగుబోతు అంటే మాత్రం ఆమె నడిచిన దూరం గురించి కాక ఆమె శీలం గురించి మాట్లాడుతున్నామని అందరికీ తెలుసు. చిత్రంలో గ్యారేజీ యజమాని సరిగ్గా ఆ రెండో అర్థంలోనే మాట్లాడతాడు. ఇలా తిరిగే ఆడవాళ్ళందరూ ఒకటే, పని చేయరు, మగవాళ్ళ కోసమే చూస్తుంటారు అన్నది అతని సాక్ష్యం. మోనా గుడారంలోంచి అతనే బయటికి రావడం మనం కళ్ళారా చూస్తాం. అతని మాటకు మీ ఉపశీర్షికలో ‘తిరుగుబోతు’ తప్ప మరేదీ సరిపోదని నా అభిప్రాయం.

ద్రాక్షతోట_నుంచి:
నేను ఎనిమిదేళ్ళుగా దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే నగరంలో ఉంటున్నాను. ఈ చిత్రం తీసినది మా చుట్టుపక్కల ఉన్న గార్, ఎరో జిల్లాలలోనే. ఇక్కడికి వేసవిలో వచ్చి వెళ్ళేవారికి సముద్రమూ, ఎండా, పచ్చని తోటలూ గుర్తుంటాయి. జనవరిలో వచ్చి చూస్తే అదే నేల గుర్తుపట్టరానట్టు ఉంటుంది. కొమ్మలు కత్తిరించిన ద్రాక్షమొక్కలు నల్లని మోడుల్లా వరుసలు తీరి ఉంటాయి. ఉత్తరపు గాలి రోజుల తరబడి ఆగకుండా వీస్తుంది. వేసవి విడిది ఇళ్ళన్నీ తలుపులు బిగించి ఖాళీగా పడి ఉంటాయి. మోనా చలికి వణుకుతూ నడిచేది అన్ని ఖాళీ గదులున్న ప్రాంతంలోనని గుర్తుపెట్టుకుని చూస్తే ఆ చిత్రం మరింత బాధిస్తుంది. వర్దా ఈ ప్రాంతానికి పరాయి మనిషి కారు. ఆమె బ్రస్సెల్సు నగరంలో పుట్టినా యుద్ధకాలంలో బాల్యంలో కొంత భాగం ఇక్కడి సెత్ రేవుపట్టణంలో గడిచింది. 1955 నాటి తొలి చిత్రం ‘లా ప్వాంత్ కూర్త్’ను అక్కడి జాలరిపేటలోనే తీశారు.

చివరి ఘట్టం గురించి ఒక సంగతి తప్పక చెప్పాలి. ఒళ్ళంతా గోనెలు, గడ్డి చుట్టుకున్న వికృతాకారాలు మోనాను వెంటాడి ఎర్రని మడ్డి పూసే దృశ్యాన్ని చాలామంది పీడకల అనుకుంటారు. అది కల్పన కాదు. మా ఊరికి దగ్గరలోని కుర్నోంతెరాల్ గ్రామంలో ప్రతి సంవత్సరం ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యే బుధవారం నాడు జరిగే పాయాస్‌ల వేడుక అది. గోనెసంచుల్లో గడ్డి కూరి, టర్కీ కోడి ఈకలు గుచ్చి తొడుక్కున్న యువకులు ద్రాక్షసారా తొట్ల అడుగున మిగిలిన మడ్డిలో మునిగి లేచి, తెల్లబట్టలు వేసుకున్నవాళ్ళను వీధుల్లో తరిమి పట్టుకుని పూస్తారు. ఆడేవాళ్ళు ఇష్టపడే ఆడతారు. ఆ వేళకు బయటికి రాకూడదనుకునేవాళ్ళు తలుపులు వేసుకుని లోపల ఉంటారు. రొట్టె కోసం ఊళ్ళోకి వచ్చిన మోనాకు ఈ ఆట సంగతి తెలియదు, వేసుకోవడానికి తలుపూ లేదు. ఊరంతటికీ వినోదమైనది, ఊరివాళ్ళు కాని మనిషికి దాడి అయింది. మొదటి దృశ్యంలో శవం మీద కనిపించే ఆ ఊదా మరకలు ఇవేనని మనకు చివరికి గాని తెలియదు.

సైకత:
వెన్నెలతెర గారి అసహనం గురించి నాకు తోచినది రాస్తాను. కారణం తెలిస్తే మనం మోనాను ఒక అరలో పెట్టి తాళం వేసుకోగలం. ‘పాపం, అందుకే ఇలా అయింది’ అనుకున్నాక ఇక ఆమెను చూడవలసిన అవసరం ఉండదు. వర్దా ఆ సౌకర్యాన్ని మనకు ఇవ్వలేదు. దానికి బదులు సాక్షులను ఇచ్చారు. ఒక్కొక్కరూ మోనా గురించి చెబుతున్నామనుకుంటూ తమ గురించే చెబుతారు. మంచినీళ్ళు ఇచ్చిన ఇంటి పిల్లకు ఇంటి కట్టుబాట్లు ఊపిరాడనివ్వవు కనుక ఆమెకు మోనా స్వేచ్ఛగా కనిపిస్తుంది. పనిమనిషి యోలాండ్ పాడుబడిన మేడలో మోనానూ, ఆమె తోడుగాడు డేవిడ్‌నూ పక్కపక్కన నిద్రపోతుండగా చూస్తుంది. తన ప్రియుడు తనను పట్టించుకోవడం లేదన్న దిగులులో ఉన్న ఆమెకు వాళ్ళిద్దరూ గొప్ప ప్రేమికుల్లా కనిపిస్తారు. వాళ్ళ మధ్య ఉన్నది అంత గొప్ప ప్రేమేమీ కాదని మనకు తెలుసు. ఎవరి లోటు వారికి మోనాలో నిండుగా కనిపిస్తుంది, లేదా ఎవరి భయం వారికి కనిపిస్తుంది. మోనాను కారులో ఎక్కించుకున్న వృక్షశాస్త్రవేత్త లాందియే సహాయకుడైన జాఁ పియేర్‌కు ఆమెను చూస్తే అసహ్యం, ఆ అసహ్యం వల్లే భయం.

ఈ సాక్షులలో చాలామంది నటులు కారు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలోని మనుషులే. మోనాగా నటించిన సాంద్రిన్ బొనేర్ మాత్రం అప్పటికే పేరున్న నటి. చిత్రం 1985 డిసెంబరులో ఫ్రాన్సులో విడుదలయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. ఆ ఏడాదే వెనిస్ చలనచిత్రోత్సవంలో చిత్రానికి అత్యున్నత పురస్కారమైన స్వర్ణసింహం, మరుసటి ఏడాది ఆమెకు ఉత్తమ నటిగా ఫ్రెంచి సినిమా పురస్కారమైన సేజార్ వచ్చాయి.

పల్లెటూరి_పాఠకురాలు:
అందరూ మోనా పక్షాన మాట్లాడుతున్నారు కనుక నేను వేరే మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. నాకు మేకల కాపరి చెప్పినది న్యాయమనిపించింది. అతను తత్త్వశాస్త్రం చదువుకున్నవాడు, ఒకప్పుడు తానూ రోడ్ల మీద తిరిగినవాడు. భార్యాబిడ్డలతో మేకలను పెంచుకుంటూ, అప్పటి తన స్నేహితులలో రోడ్డు మీదే ఉండిపోయినవాళ్ళు చాలామంది చనిపోయారనీ, మిగిలినవాళ్ళు తాగుడుకో మత్తుకో బలైపోయారనీ, చివరికి వాళ్ళను తినేసినది ఒంటరితనమేననీ చెబుతాడు. చెప్పి ఊరుకోకుండా మోనాకు ఉండడానికి చోటు ఇచ్చాడు, బంగాళాదుంపలు పండించుకుంటానంటే నేల ఇచ్చాడు. ఆమె మధ్యాహ్నం దాకా పడుకుని, ఆ నేలలో ఒక్క దుంప కూడా నాటలేదు. ఎవరు ఏమిచ్చినా తీసుకోవడమే గాని ఒక్క మంచిమాట లేదు. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినదాన్ని, దున్నిన నేలను అలా వదిలేయడం చూస్తే నాకు మనసు ఒప్పలేదు. పనిని గౌరవించడం ఆ కాపరి తప్పు ఎలా అవుతుంది?

సైకత:
పాఠకురాలు గారూ, మీరు చెప్పినదంతా చిత్రంలో ఉన్నదే. కాపరిని వర్దా దుర్మార్గుడిగా చూపించలేదు. అయితే అతను ఇచ్చిన చోటు వెనుక ఒక షరతు ఉంది. తాను రోడ్డు వదిలి ఏ దారికి వచ్చాడో ఆమె కూడా ఆ దారికే రావాలి. ఆమె రాకపోయేసరికి అతను ఆమెను నిరుపయోగమైన మనిషిగా తేల్చేశాడు. ఆమె పనికిరానిదైనంత మాత్రాన ఆమెకు చలి వేయకుండా పోతుందా? నాకు ఈ చిత్రం అడుగుతున్న ప్రశ్న అదే అనిపిస్తుంది. కృతజ్ఞత చూపించే పేదను, పశ్చాత్తాపపడే పతితను ఆదరించడం కష్టమేమీ కాదు. మోనా ఈ రెండూ కాదు.

మొక్కలవైద్యం:
నేను వృక్షవ్యాధుల విభాగంలో పనిచేశాను. ఈ చిత్రంలో ప్లేన్ చెట్ల (అక్కడ దారుల వెంట నీడ కోసం పెంచే పెద్ద చెట్లు) సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. మాషా మెరీల్ నటించిన ప్రొఫెసర్ లాందియే ఆ చెట్లను చంపుతున్న ఒక బూజుతెగులును పరిశోధిస్తుంటారు. తెగులు నిజమైనది. దాని పేరు సెరటోసిస్టిస్ ప్లటానై. చెట్టు బెరడుకు అయిన గాయాల గుండా, కత్తిరించే పనిముట్ల మీదుగా, పక్క చెట్టు వేళ్ళతో పెనవేసుకున్న వేళ్ళ గుండా లోపలికి పాకి, నీరు మోసే నాళాలను మూసివేస్తుంది. ఎంత పెద్ద చెట్టైనా కొన్నేళ్ళకు మించి బతకదు. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం మందుగుండు తెచ్చిన చెక్కపెట్టెలలో ఈ బూజు ఐరోపాకు చేరిందని చిత్రంలో లాందియే చెప్పేది కూడా శాస్త్రజ్ఞులు ఆమోదించే కథనమే. సోకిన చెట్టునే కాదు, పక్కనున్న ఆరోగ్యమైన చెట్లను కూడా నరికి తగలబెట్టడమే ఇప్పటికీ ప్రధానమైన నివారణ. చిత్రం వచ్చిన ఇరవై ఏళ్ళకు, 2006లో, అదే ప్రాంతంలోని కెనాల్ దు మిదీ అనే కాలువ గట్ల మీద ఈ తెగులు బయటపడింది. అక్కడ దాదాపు 42,000 ప్లేన్ చెట్లు ఉండేవి. అప్పటి నుంచి వేలాదిగా నరికేశారు.

వృత్తిరీత్యా నాకు లాందియే పాత్ర ఎక్కువ కలతపెట్టింది. మోనాను కారులో ఎక్కించుకుంటారు, తినిపిస్తారు, కారులోనే పడుకోనిస్తారు, స్నేహితురాలితో ఆమె దుర్వాసన గురించి ఆశ్చర్యంగా చెప్పుకుంటారు, అయినా ఆమెను ఇష్టపడతారు. చివరికి కొంత తిండీ డబ్బూ ఇచ్చి అడవి దగ్గర దించేస్తారు. ఆ అడవిలోనే మోనా మీద అత్యాచారం జరుగుతుంది. ఆ తరువాత ఒకనాడు స్నానాల గదిలో విద్యుత్తు తగిలి చావు అంచుదాకా వెళ్ళినప్పుడు లాందియేకు మోనా ముఖమే కళ్ళముందు మెదిలి, ఆమెను వెతికి పట్టుకురమ్మని సహాయకుణ్ణి పంపుతారు. జబ్బుచేసిన చెట్టును ఎక్కడ పరీక్షించాలో, ఎలా కాపాడాలో జీవితమంతా చదివిన మనిషి, పక్క సీటులో కూర్చున్న మనిషిని కాపాడే పద్ధతి తెలియక వదిలేశారు. నేను కూడా ఆ రోజు ఆ కారులో ఉంటే అంతకంటే ఎక్కువ చేసి ఉండేవాణ్ణి కాదేమో అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

ద్రాక్షతోట_నుంచి:
మొక్కలవైద్యం గారి చివరి వాక్యం చదివాక ఒకటి ఒప్పుకోవాలనిపించింది. గత జనవరిలో రైల్వేస్టేషను బయట కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక అమ్మాయిని వారం రోజులు చూశాను. రెండుసార్లు చిల్లర ఇచ్చాను. పేరు అడగలేదు. ఎనిమిదో రోజు ఆమె అక్కడ లేదు. ఎక్కడికి వెళ్ళిందని ఎవరినీ అడగలేదు. ఈ చిత్రంలోని సాక్షులలో ఒకరిగా నన్ను కూర్చోబెడితే నేను చెప్పగలిగేది ఆ కుక్క రంగు మాత్రమే.

పట్టాలబండి:
కెమెరా గురించి కొంచెం. ఈ చిత్రమంతటా సుమారు పన్నెండు ట్రాలీ షాట్లు, అంటే కెమెరాను పట్టాల మీద జరుపుతూ తీసినవి, ఉన్నాయి. వాటిలో మోనా నడుస్తూ ఉంటుంది, కెమెరా ఆమెకు సమాంతరంగా, కుడి నుంచి ఎడమకు కదులుతుంది. ఎడమ నుంచి కుడికి చదివే అలవాటున్న మన కంటికి అది ఏటికి ఎదురీదినట్టు ఉంటుంది. కెమెరా ఆమె కోసం ఆగదు. ఒక్కోసారి ఆమె రాకముందే కదలడం మొదలుపెడుతుంది, ఆమె ఆగిపోయినా తాను ముందుకు సాగి, ఏ పాత నాగలి మీదనో, టెలిఫోను బూత్ మీదనో వెళ్ళి నిలుస్తుంది. ఆ షాట్ ఏ వస్తువు మీద ముగిసిందో, చాలా నిమిషాల తరువాత వచ్చే తరువాతి ట్రాలీ షాట్ అలాంటి వస్తువుతోనే మొదలవుతుంది. మధ్యలో సాక్ష్యాలన్నీ ముక్కలుముక్కలుగా ఉన్నా, అడుగున ఒకే నడక తెగకుండా సాగుతున్నట్టు ఉంటుంది. పోలండుకు చెందిన స్వరకర్త యోఆనా బ్రుజ్‌దోవిచ్ కూర్చిన తీగవాద్యాల సంగీతం ఈ నడకలకు తోడుగా వస్తుంది. 2019లో, తన మరణానికి కొద్దికాలం ముందు వచ్చిన చివరి చిత్రంలో కూడా వర్దా, బొనేర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ షాట్ల గురించి వివరించారు.

మోనాతోపాటు కదలడం వేరు, ఆమెను వెంటాడడం వేరు. సాక్షులందరూ ఆమె గురించి ఏదో ఒకటి తేల్చేస్తారు. కెమెరా మాత్రం ఆమె పక్కన కాసేపు నడిచి, ఏమీ తేల్చకుండా పోతుంది. నా వరకు ఈ చిత్రంలోని మర్యాద అంతా ఆ దూరంలోనే ఉంది.

పల్లెటూరి_పాఠకురాలు:
మీ అందరి మాటలూ చదివి నిన్న రాత్రి మళ్ళీ చూశాను. కాపరి విషయంలో నా అభిప్రాయం పెద్దగా మారలేదు, దున్నిన నేల ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. కాని ముసలావిడ లిదీ ఇంట్లో జరిగే దృశ్యాన్ని మొదటిసారి నేను సరిగా చూడలేదని తెలిసింది. చూపు మందగించిన ఆ పెద్దావిడ ఇల్లు తమకు ఎప్పుడు వస్తుందా అని ఆమె మేనల్లుడు, అతని భార్య ఎదురుచూస్తుంటారు. ఆ మేనల్లుడు వేరెవరో కాదు, మోనాను చూసి భయపడిన జాఁ పియేరే. ఆ ఇంటి పనిమనిషి యోలాండ్ లేని వేళ మోనా, ఆ పెద్దావిడ కలిసి కూర్చుని బ్రాందీ తాగుతూ పొట్టచెక్కలయ్యేలా నవ్వుకుంటారు. ఎవరూ ఎవరికీ బుద్ధి చెప్పరు, ఎవరూ ఎవరినీ బాగుచేయరు. ‘ఒక్క మంచిమాట లేదు’ అని నేను రాసిన వాక్యాన్ని అక్కడ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పెద్దావిడకు చాలాకాలానికి తోడు దొరికింది. ఇచ్చినది మోనాయే.

వెన్నెలతెర:
అందరికీ మనఃపూర్వకంగా ధన్యవాదాలు. ఉపశీర్షికలు నిన్నటితో పూర్తయ్యాయి. పేరు ‘నీడా నియమం లేని’ అనే ఉంచాను. గ్యారేజీ యజమాని నోట ‘తిరుగుబోతు’ మాటే పెట్టాను.

లాందియే మాటల దగ్గర మరొక చిక్కు వచ్చింది. మోనా ఒంటి గురించి ఆమె చెప్పేదాన్ని ‘కంపు’ అని రాయాలా, ‘వాసన’ అని రాయాలా అని రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. ‘కంపు’ అంటే తీర్పు చెప్పినట్టు అవుతుంది. ‘వాసన’ మాటలో పరిమళమూ ఉంది, పూర్వజన్మ సంస్కారమూ ఉంది, అది ఆ సందర్భానికి మరీ మెత్తగా ఉంటుంది. చివరికి ‘కంపు’ అనే రాశాను, ఎందుకంటే ఆ మాట అనగలిగినవాళ్ళు కూడా ఆమెను ఇష్టపడ్డారన్నది అక్కడ ముఖ్యం.

ఆ తరువాత అసూన్ దగ్గరికి వచ్చాను. ద్రాక్షతోటలో పనిచేసే ఆ ట్యునీషియా కూలీ మోనాకు తన గదిలో చోటు ఇస్తాడు, కొమ్మలు కత్తిరించడం నేర్పిస్తాడు, ఇక్కడే ఉండవచ్చని మాట ఇస్తాడు. సెలవు నుంచి తిరిగి వచ్చిన మొరాకో సహచరులు ఆడమనిషి ఉండడానికి వీల్లేదనగానే ఆ మాట నిలబెట్టుకోలేక ఆమెను పంపేస్తాడు. చిత్రంలో మోనా కోపంతో, బాధతో వెళ్ళిపోయే చోటు అదొక్కటే అనుకుంటాను. తరువాత సాక్ష్యం చెప్పే వంతు అతనికి వస్తుంది. అతను కెమెరా వైపు చూస్తూ, ఆమె వదిలి వెళ్ళిన ఎర్రని కండువాను ముఖానికి దగ్గరగా తీసుకుని వాసన చూస్తాడు. అందరూ ముక్కు మూసుకున్నది ఆ వాసనకే. అతను ఒక్క మాట కూడా అనడు.

అమ్మ ఆదివారం చూసింది. ఆ దృశ్యం రాగానే, కింద అక్షరాలు రాలేదేమిటి, ఏమైనా పోయిందా అని అడిగింది. ఏమీ పోలేదని చెప్పి, ఆ కొన్ని క్షణాలు మళ్ళీ వెనక్కి తిప్పి చూపించాను.